లోపలి వైపు లేని కోటు

"ఒకవేళ వాళ్లు సరేనంటే?" అంది తల్లి.

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న కూతురు ఆగింది. "అంటే మంచిదేగా అమ్మా. దానికేగా వెళ్తున్నది."

"కాదంటే ఇంటికొచ్చి అన్నం తింటావు, పడుకుంటావు. సరేనంటే నలుగురినీ పోగెయ్యాలి. వాళ్ల ముందు నిలబడి మాట్లాడాలి. నువ్వు మాట్లాడింది ఎవరో రాసుకుంటారు. రాసుకున్నది ఇంకెవరో చదువుతారు. చదివేవాడికి ఆ రోజు ఒంట్లో బాగోలేదనుకో, అప్పుడో?"

మూల పీట మీద కూర్చుని కాజాలు కుడుతున్న నానమ్మ, అంటే తల్లి అత్తగారు, దారాన్ని పంటితో తెంపింది. "వాడి కడుపునొప్పి బెంగ కూడా నువ్వే పెట్టేసుకుంటే, ఇంక వాడి పెళ్లానికి ఏం మిగుల్తుందే?"

కూతురు నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తల్లి వీధి మలుపు దాకా ఆ వీపును చూసి, మళ్లీ మిషను ముందు కూర్చుంది. ఇంటి ముందు గదే ఆమె కుట్టుషాపు.

ఆమెను ఆ వీధిలో ఒకవేళక్క అంటారు. మొదట్లో వెనక నుంచి అనేవాళ్లు, తరవాత మొహం మీదే అనడం మొదలుపెట్టారు. ఏడో తరగతితో చదువు ఆపేసింది. పేపరు మాత్రం రోజూ చదువుతుంది, అదీ చావు కబుర్లతో మొదలుపెట్టి. ఇంటాయన సరుకు లారీ మీద నెలకి ఇరవై రోజులు ఊళ్లు తిరుగుతాడు. ఆ ఇరవై రోజుల్లోనూ లారీ ఆమె తలలో ఇరవై సార్లు బోల్తా పడుతుంది. ఆయన మాత్రం ప్రతిసారీ కులాసాగా దిగి, కాఫీ అడుగుతాడు.

కుట్టుపనిలో మాత్రం ఆ భయం బాగా కలిసొచ్చింది. ఒకవేళ లావెక్కితే అని చంకల దగ్గర రెండు వేళ్ల గుడ్డ ఎక్కువ వదులుతుంది. ఒకవేళ కుట్టు విడితే అని దాని మీద ఇంకో కుట్టు వేస్తుంది. ఒకవేళ పోతే అని ప్రతి బట్టలోనూ, అస్తరు కింద, ఒక చీటీ పెట్టి కుట్టేస్తుంది. కాలరులో వేసే గట్టి గుడ్డని అగ్గిపెట్టంత ముక్క కత్తిరించి, చెరగని సిరాతో బట్ట ఎవరిదో, ఛాతీ కొలత ఎంతో, తన షాపు నంబరెంతో అందులో రాస్తుంది. ఇప్పటి దాకా ఎవరి బట్టా పోలేదు. అయినా ఆ వీధిలో సగం మంది ఆమె భయాన్ని ఒంటి మీద వేసుకునే తిరుగుతున్నారు.

ఆ రోజు ఆమె బెంగకి అసలు కారణం కూతురికి చెప్పలేదు. చెప్పకూడదని కాగితం మీద సంతకం పెట్టింది మరి.

సంగతేమిటంటే, ఒకప్పుడు వార్డు ఆఫీసు వీధికి ఇటు పక్క, కంపెనీ ఆఫీసు అటు పక్క ఉండేవి. ముందు వీధి దీపాలు కంపెనీకి అప్పజెప్పారు. తరవాత కుళాయిలు, తరవాత మురుగుకాలవలు, కిందటేడు వీధి వైపు షాపు గదులు, వార్డు మధ్యలో ఉన్న పార్కు. ఇన్ని తీసుకున్నందుకు ఊరికే ఉంటే బాగుండదని, కంపెనీ వార్డు ఆఫీసుకి కొత్త గది కట్టించింది. గది ఒకటే. దానికి వీధి వైపు రెండు కిటికీలు. ఎడమ కిటికీ మీద ప్రభుత్వం అని, కుడి కిటికీ మీద కంపెనీ అని రాయించారు. మొదట్లో ఒక్కో కిటికీ వెనక ఒక్కో మనిషి ఉండేవాడు. ఒకాయన రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ఎవరూ రాలేదు. మిగిలినాయనకే రెండో కుర్చీ కూడా అప్పజెపుతూ పైనుంచి గుట్టుగా ఉత్తర్వు వచ్చింది. ఆయన్ని వార్డులో రెండు కిటికీల సారు అంటారు, చప్పుడు కాకుండా.

ఆ సారు నెల క్రితం మిట్టమధ్యాహ్నం షాపుకొచ్చి, షట్టరు సగం దించి, చేతులు చాపి నిలబడ్డాడు.

"కోటు కావాలమ్మా. ఇటు ప్రభుత్వం ఖాకీ, అటు కంపెనీ నీలం."

"రెండా సార్?"

"ఒకటే. తిప్పి తొడుక్కునేలా."

తల్లి టేపు ఆయన ఛాతీ చుట్టూ తిప్పుతూ ఆగింది. "మరి లోపలి వైపేది సార్?"

"లోపలి వైపు లేదు. రెండూ బయటే."

ముప్ఫయ్యేళ్లుగా మిషను తొక్కుతోంది గానీ ఇలాంటి బట్ట వినలేదామె. ఎంత గొప్పవాడి కోటుకైనా లోపలి వైపంటూ ఒకటుంటుంది. ముడులూ అతుకులూ దర్జీ చేసిన తప్పులూ అక్కడేగా తలదాచుకునేది.

"ఏం చెయ్యమంటారు," అన్నాడు సారు, కాస్త దిగులుగానే. "కుర్చీకి చక్రాలుండబట్టి ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి జారుతున్నా గానీ, కోటు మార్చుకునే టైము ఉండట్లేదు. తొందరలో ఒక చెయ్యి దీంట్లో, ఇంకో చెయ్యి దాంట్లో పెట్టేస్తున్నా. మొన్న ఖాకీలో ఉండి కంపెనీవాడిలా నవ్వి దణ్ణం పెట్టేశాను."

"ప్రభుత్వం దణ్ణం పెట్టకూడదా నాయనా?" అంది అత్తగారు మూల నుంచి.

"పెడుతుందవ్వా. దానికి ఓట్ల నెలుంది."

వెళ్లేముందు జేబులోంచి కాగితం తీశాడు. ఈ కోటు సంగతి ఎవరికీ చెప్పబోమని దాని మీద రాసుంది. తల్లి ఒక్కో మాట మీదా వేలు పెట్టి రెండుసార్లు చదివి సంతకం పెట్టింది. అత్తగారు కళ్లజోడు లేదని చదవకుండానే పెట్టింది.

"మీ షాపు లైసెన్సు ఖాకీ వైపు ఉంది," అన్నాడు సారు, కాగితం మడుస్తూ. "షాపున్న గది కిందటేటి నుంచి నీలం వైపు ఉంది. నేను బెదిరించట్లేదమ్మా. ఏది ఎక్కడుందో తెలిస్తే మీకే సుఖం."

నాలుగు రోజులు పట్టింది ఆ కోటు. ఖాకీని, నీలాన్ని మొహాలు కలిపి కుట్టి, కింది అంచులో నాలుగు వేళ్ల మేర కుట్టకుండా వదిలి, ఆ సందులోంచి కోటు మొత్తాన్ని బయటికి లాగి, చివరికి ఆ సందుని సూదితో చేత్తో మూసింది. పని ఎంత శుభ్రంగా వచ్చిందంటే, సారు అద్దం ముందు రెండు వైపులా తిప్పి చూసుకుని, ఏ వైపు తనో కాసేపు తేల్చుకోలేకపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగాక తల్లి మిషను ముందు నుంచి లేచింది.

"అత్తయ్యా, చీటీ."

"ఏ చీటీ?"

"అలవాటుగా పెట్టేశానత్తయ్యా. రెండు గుడ్డల మధ్యా."

అత్తగారు సూది ఆపింది. "ఏం రాశావ్?"

తల్లి గోడ వైపు తిరిగి అప్పజెప్పింది. "వార్డు అధికారి, కంపెనీ మేనేజరు. ఇద్దరూ ఒక్కరే, ఒకటే కోటు. ఛాతీ ముప్ఫై ఎనిమిది."

అత్తగారు నవ్వడానికి కాజా పక్కన పెట్టాల్సొచ్చింది. "ఎవరికీ చెప్పనని రాసిచ్చి, ఆయన ఒంటికే రాసి అంటించావన్నమాట."

అప్పట్నుంచీ తల్లి ఆ నాలుగు వేళ్ల కుట్టు గురించే కలవరిస్తోంది. ఒకవేళ వానకి దారం నానితే? ఒకవేళ ఎలుక కొరికితే? ఒకవేళ ఆయన పెళ్లాం ఉతికేటప్పుడు చెయ్యి తగిలితే? అలాంటి సమయంలో కూతురు సరిగ్గా ఆ కిటికీల దగ్గరికే బయల్దేరింది.

కూతురు వీధి చివర చదువుకునే గది చూసుకుంటుంది. పేపర్లు పరవడం, పుస్తకాలకి అట్టలెయ్యడం, ముసలాళ్ల కళ్లజోళ్లు వెతికిపెట్టడం ఆమె పని. గది బయట గోడకి ఒక చెక్క పలక ఉంది. వార్డులో ఎవరైనా సరే, చెప్పదల్చుకున్నది కాగితం మీద రాసి కింద సంతకం పెట్టి దాని మీద గుచ్చవచ్చు. పిల్లి తప్పిపోయిన కబురు దగ్గర్నుంచి కుళాయి రాలేదన్న తిట్టు దాకా అన్నీ అక్కడే.

ఇన్నాళ్లూ చూసుకోమని మాత్రమే ఇచ్చిన పార్కుని ఇప్పుడు కంపెనీకి ముప్ఫయ్యేళ్లకి రాసిచ్చేస్తారట. దానికి వార్డు జనం ఒప్పుకోవాలి. నెలాఖరులోగా జనం సభ పెట్టి కాదంటే కాదు. సభే జరక్కపోతే ఒప్పుకున్నట్టు లెక్క. సభ పార్కులోనే జరగాలని నిబంధన. పార్కు తాళంచెవి కంపెనీ దగ్గర ఉంది. ఆ తాళం తీయమని అడగడానికే కూతురు అర్జీ పట్టుకెళ్లింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా కత్తిరింపు బల్ల మీద కూలబడి నవ్వింది.

"ఐదుసార్లు తిరిగాను నానమ్మా. కంపెనీ కిటికీలో, ప్రభుత్వం అభ్యంతరం లేదని రాసిస్తే తాళం తీస్తామన్నారు. ప్రభుత్వం కిటికీకెళ్లా. స్థలం కంపెనీ చేతిలో ఉంది, వాళ్లు ఒప్పుకుంటే రాసిస్తామన్నారు. మళ్లీ ఇటు. మళ్లీ అటు. నేను నడిచే లోపల గదిలో చక్రాలు కిర్రుమనేవి. ఐదోసారి చూద్దును కదా, ప్రభుత్వం కొరికిన అరటిపండు కంపెనీ నముల్తోంది."

అత్తగారు కోడలి వైపు చూసింది. కోడలు మిషను చక్రం వైపు చూసింది.

"గుసగుసలు నిజమే, ఉన్నది ఒక్కడేనమ్మా," అంది కూతురు. "తన దగ్గర అనుమతి తెచ్చుకోమని నన్ను తన దగ్గరికే పంపుతున్నాడు."

"ఎవరితోనూ అనకు," అంది తల్లి.

"ఎవరితోనూ అన్లేదు. రాసి పలక మీద గుచ్చొచ్చా."

తల్లి చేతిలోని కత్తెర బల్ల మీద పడింది.

మూడోరోజుకి నోటీసొచ్చింది. కూతురు తప్పుడు ప్రకటన చేసిందని, ఎనిమిదో రోజున వార్డు ఆఫీసు హాలులో విచారణ జరుగుతుందని రాసుంది. ఆ మాట నిజమని వార్డులో ఒక్కరైనా ఆధారంతో సాక్ష్యం చెప్తే సరే, లేకపోతే పదేళ్లపాటు ఆమె పేరు వార్డు ఓటర్ల జాబితాలోంచి తీసేస్తారు. ఓటుండదు, సభలో మాట్లాడే హక్కుండదు, పలక మీద కాగితం గుచ్చే వీలుండదు. కింద ఎడమ పక్క వార్డు అధికారి సంతకం, కుడి పక్క కంపెనీ మేనేజరు సంతకం. రెండు సంతకాల తోకలూ ఒకేలా వంకర తిరిగి ఉన్నాయి.

"పదేళ్లు," అంది తల్లి. "ఇప్పుడు నీకు ఇరవై ఆరు. నిన్ను లెక్కలోంచే తీసేస్తారటే. ఒకవేళ రేపు నువ్వు తప్పిపోతే, ఇలాంటి మనిషే లేదంటే?"

"బట్టల్లో చీటీ పెట్టావుగా," అంది కూతురు.

ఆ మాటకి అత్తగారు నవ్వింది గానీ తల్లి నవ్వలేదు. ఆ చీటీలన్నీ ఎందుకు పెడుతుందో ఆమెకి ఆ క్షణాన మొదటిసారి కొంచెం అర్థమైనట్టనిపించింది. మనిషి లేడని ఎవరైనా అంటారేమోనన్నదే ఆ భయం.

విచారణకి రెండు రోజుల ముందు సారు మళ్లీ షాపుకొచ్చాడు. షట్టరు సగం దించాడు. కోటు విప్పి బల్ల మీద పెట్టాడు. లోపల బనీను వేసుకుని ఉన్నాడు. బనీనులో ఆయన ఏ వైపు మనిషీ కాడు, మెడ ఎముకలు తేలిన ఒక బక్క మనిషి, అంతే.

"కింద ఏదో గుచ్చుకుంటోందమ్మా. కూర్చున్నప్పుడల్లా తొడకి తగుల్తోంది. చూడు."

తల్లికి చెవుల్లో మిషను తిరిగినట్టయింది. కోటు ఒళ్లోకి తీసుకుని, కింది అంచులో నాలుగు వేళ్ల కుట్టు విప్పింది. చీటీ మూల బయటికి తొంగిచూసింది. తన చేతిరాతే. వార్డు అధి దాకా కనిపిస్తోంది.

సారు ఎదురుగా స్టూలు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటున్నాడు. "మీ అమ్మాయి మంచిపిల్ల. ఒక క్షమాపణ రాసిమ్మనండి, అంతటితో పోతుంది. నాకేమీ కక్ష లేదు."

"ఎవరికి రాయాలి సార్?"

"ఇద్దరికీ."

"కవరు ఒకటి చాలా, రెండు కావాలా?" అంది అత్తగారు.

సారు ఆమె వైపు చూసి, విసనకర్ర చెయ్యి మార్చాడు. "అవ్వా, నామీద మీకు కోపంగా ఉంటుంది. నేను కిటికీ దగ్గర మనిషినే. పైన కూడా ఇలాగే ఉంది. అక్కడ కోట్లు ఇంకా ఖరీదైనవి."

తల్లి ఇవేమీ సరిగా వినలేదు. చీటీ తీసెయ్యాలి. తీసి ఎక్కడ పెట్టాలి? గుడ్డ పేలికల బుట్ట ఆయన కాలి దగ్గరే ఉంది. జాకెట్టులో దోపుకుందామంటే ఆయన చూపు ఇటే ఉంది. నోట్లో వేసుకుని మింగుదామంటే గట్టి గుడ్డ, గొంతుకి అడ్డం పడి తను పోతే, పైపెచ్చు చీటీ కూడా దొరికిపోతుంది. ఆ చావు కూడా ఒకసారి పూర్తిగా ఊహించుకుంది. ఊహించుకోవడం అయ్యేసరికి ఆమె వేళ్లు తమంతట తామే చీటీని ఇంకా లోపలికి, పక్క కుట్టు వైపు తోసేసి, అంచుని మళ్లీ మూసేశాయి.

"ఏముందమ్మా అందులో?"

"కొంచెం దారం ముడి పడింది సార్. సర్దేశాను."

ఆయన కోటు తొడుక్కుని, కూర్చుని లేచి చూసి, హాయిగా ఉందన్నాడు. ఆయన వెళ్లాక తల్లి నెత్తి పట్టుకుంది. "చేతికొచ్చిందాన్ని మళ్లీ కుట్టేశానత్తయ్యా. నాకన్నా తెలివితక్కువది ఉంటుందా?"

"ఉండదు," అంది అత్తగారు. కానీ ఆ అనడంలో ఎప్పటి ఎగతాళి లేదు.

ఆ పూట తల్లి కూతురికి క్షమాపణ మాట చెప్పింది. "రెండు వాక్యాలేనే. రాసేసెయ్. పోయేదేముంది?"

"అబద్ధమైతే రాసేదాన్నమ్మా."

"నిజమే అయితే మాత్రం నిన్నెవరు చెప్పమన్నారు? వార్డు మొత్తానికీ తెలుసు, వాళ్లంతా నోరు మూసుకుని సుఖంగా లేరూ?"

"అందరికీ తెలుసన్నావ్," అంది కూతురు నెమ్మదిగా. "నీకూ తెలుసా?"

తల్లి సూది తీసి దారం ఎక్కించబోయింది. ఆ దారం చాలాసేపు ఎక్కలేదు.

విచారణ రోజు హాలు బెంచీలన్నీ నిండాయి. ముందు బల్లకి రెండు కుర్చీలు. ఒకదాని ముందు వార్డు అధికారి అని, రెండోదాని ముందు కంపెనీ మేనేజరు అని చెక్కలు పెట్టారు. పక్కన రికార్డు రాసే గుమాస్తా, బల్ల ముందు ఒంటరిగా కూతురు. మూడో బెంచీలో తల్లి, అత్తగారు. తల్లి ఒళ్లో సంచీ ఉంది. అందులో మంచినీళ్లు, కూతురికి ఒక జత బట్టలు, దుప్పటి, టార్చిలైటు, ఓటరు కార్డు నకళ్లు నాలుగు. అత్తగారు సంచీలోకి తొంగి చూసి, "తలగడ మర్చిపోయావ్," అంది.

సారు ఖాకీ వైపు తొడుక్కుని వచ్చి మొదటి కుర్చీలో కూర్చున్నాడు. "విచారణ మొదలవుతోంది. ఫిర్యాదు చేసిన కంపెనీ వారు తమ మాట చెప్పాలి," అన్నాడు. అని లేచి, గోడ వైపు తిరిగి, కోటు తిప్పి తొడుక్కుని, నీలం రంగులో రెండో కుర్చీలో కూర్చున్నాడు. మొహం మీదకి చిన్న నవ్వు తెచ్చుకున్నాడు. "అధికారిగారికి నమస్కారం," అన్నాడు ఖాళీ కుర్చీకి. "ఈ అమ్మాయి రాత వల్ల మా కంపెనీకీ ప్రభుత్వానికీ మధ్య ఉన్న దూరం మీద జనానికి నమ్మకం పోతోంది."

గుమాస్తా తల ఎత్తకుండా రాసుకుంటున్నాడు. మేనేజరు మాట్లాడారు. అధికారి శ్రద్ధగా విన్నారు, అని.

సారు మళ్లీ లేచి ఖాకీ అయ్యాడు. "నువ్వేమంటావమ్మా?"

కూతురు గొంతు సవరించుకుంది. "నేను పెద్దగా ఏమీ అనను సార్. మీరిద్దరూ ఒక్కసారి పక్కపక్కన నిలబడండి. నా కాగితం నేనే చింపేస్తాను."

వెనక బెంచీల్లో ఎవరికో దగ్గొచ్చింది. అది నవ్వే. కానీ దగ్గులా పూర్తి చేశారు.

"ఇద్దరికీ ఒకే సమయం కుదరట్లేదు," అన్నాడు సారు. గుమాస్తా అది కూడా రాశాడు. "కాబట్టి సాక్షుల సంగతి చూద్దాం. ఈ అమ్మాయి రాసింది నిజమని, ఆధారంతో చెప్పేవాళ్లు ఈ వార్డులో ఎవరైనా ఉన్నారా? మూడుసార్లు అడుగుతాను. రూలు అది. మొదటిసారి."

బెంచీల్లో తలలు ఒక్కొక్కటే కిందికి వంగాయి.

తల్లి చుట్టూ చూసింది. క్షౌరశాల ఆయన, రోజూ సారుకి గడ్డం గీసేవాడు, తన గోళ్లు చూసుకుంటున్నాడు. ఆయన కొత్త షాపు అనుమతి ఖాకీ కిటికీలో ఉంది. పాలామె కొంగు చివర ముడి విప్పి మళ్లీ వేస్తోంది. ఆమె బండి నిలిపే చోటు నీలం కిటికీలో ఉంది. బడి మాస్టారు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు, మూడే అయినా తెమలడం లేదు. అందరికీ ఏదో ఒక కిటికీలో ఒక కాగితం ఉంది. అందుకే అందరి మొహాలూ, కోటులాగే, లోపలి వైపు లేనట్టు నున్నగా ఉన్నాయి.

"రెండోసారి."

తనకైతే రెండు కిటికీల్లోనూ ఉన్నాయి. నోరు తెరిస్తే ఈ పక్కన లైసెన్సు పోతుంది, ఆ పక్కన గది పోతుంది. మిషను వీధిలో పడుతుంది. వాన మొదలవుతుంది. అత్తగారికి జలుబు చేస్తుంది. ఇంటాయన లారీ దిగి వచ్చేసరికి షాపుండదు, దారి తెలియక ఆయన అటూ ఇటూ తిరుగుతుంటే... ఆమె తల ఎప్పటిలాగే పరిగెత్తింది. కానీ ఈసారి ఆ పరుగు ఒకచోట ఆగిపోయింది. అంతకన్నా ముందుకు పోవడానికి భయం మిగల్లేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆమెకి ఆ తరవాతది కనిపించలేదు.

ముందు కూతురి వీపు కనిపిస్తోంది. తను కుట్టిన జాకెట్టే. చంక దగ్గర కుట్టు నిటారుగా ఉంది. కూతురు వెనక్కి తిరగలేదు. ఒక్కసారి తిరిగి చూస్తే తల్లి చూపు దించేసుకునేది, అంతటితో అయిపోయేది. ఆ పిల్ల తిరగలేదు. సాయం అడిగినట్టు కనిపించకూడదని కాబోలు, చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వేళ్లు మాత్రం ఒకదాన్నొకటి నలుపుకుంటోంది. చిన్నప్పుడు ఇంజెక్షను వేయించుకునేటప్పుడు కూడా ఇంతే, ఏడ్చేది కాదు, వేళ్లు నలుపుకునేది.

ఆ జాకెట్టు అస్తరు కింద కూడా ఒక చీటీ ఉంది. అందులో తన చేత్తో ఆ పిల్ల పేరు రాసింది. ఆ పేరు అక్కడుంటుంది. జాబితాలో ఉండదు.

"ఎవరూ లేరా?" అన్నాడు సారు. ఆయన గొంతులో సంతోషం కూడా లేదు, పని తొందరగా ముగిస్తే చాలన్న అలసట తప్ప. "మూడోసారి అడుగుతున్నాను. ఈమె రాసింది నిజమని చెప్పేవారు ఉన్నారా?"

గుమాస్తా కలం, లేరు అని రాయడానికి కాగితం మీద ఆనింది. అత్తగారు తల్లిని మోచేత్తో పొడవలేదు. సంచీ మాత్రం కోడలి ఒళ్లోంచి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

ఫ్యాను తిరిగింది. బయట ఎవరిదో సైకిలు గంట మోగి దూరమైంది. పాలామె కొంగు ముడి మళ్లీ విప్పింది. సారు గోడ గడియారం వైపు చూశాడు, గుమాస్తా వైపు చూశాడు, లేవబోతూ అలవాటుగా కోటు గుండీ మీద చెయ్యి వేశాడు. అంత సేపూ తల్లి ఇంకెవరైనా లేస్తారేమోనని కాచుకుంది. ఎవరూ లేవలేదు. తనే లేచి నిలబడింది.

"ఉన్నాను సార్," అంది. "ఆ కోటు కుట్టింది నేనే. కింది అంచులో నాలుగు వేళ్ల మేర విప్పండి. పక్క కుట్టు వైపు చీటీ ఉంది. అందులో మీరెవరో రాసి పెట్టాను, ఒకవేళ పోతారేమోనని."